ముందు సిఫారసు, తర్వాత రుజువు: పెద్దవాళ్ల ఫ్లూ టీకా కథ

65 ఏళ్లు దాటినవాళ్లంతా ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలని అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్య వ్యవహారాల్లో అక్కడి ప్రభుత్వ పెద్ద డాక్టరు) లిరాయ్ బర్నీ 1960లో చెప్పారు. అంతకు మూడేళ్ల ముందే ఆసియన్ ఫ్లూ ప్రపంచాన్ని చుట్టబెట్టింది. ముసలివాళ్లూ, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లూ పిట్టల్లా రాలిపోయారు. టీకా చేతిలో ఉంది, వేసుకోమన్నారు. ఆ వయసులో అది ఎంత పనిచేస్తుందో అప్పటికి ఎవరూ సరిగ్గా కొలవలేదు. 1964లో నిపుణుల కమిటీ ఇదే సిఫారసును ఖాయం చేస్తూ, సామర్థ్యం మీద లెక్కలు లేవన్న సంగతినీ ఒప్పుకుంది. ఈ విషయంలో తర్వాత వచ్చిన తగాదాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

అసలు ఈ టీకా తయారైంది పడుచు సైనికుల కోసం. మనుషుల్లో ఫ్లూ వైరస్‌ను లండన్ శాస్త్రవేత్తలు 1933లో పట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి మిషిగన్ విశ్వవిద్యాలయంలో థామస్ ఫ్రాన్సిస్, ఆయన దగ్గర పనిచేస్తున్న జోనస్ సాక్ (తర్వాత పోలియో టీకా తెచ్చింది ఈయనే) అమెరికా సైన్యం కోసం టీకా చేశారు. పొదుగులో ఉన్న కోడిగుడ్డు పెంకుకు చిన్న రంధ్రం పెట్టి, సూదితో వైరస్‌ను లోపలికి ఎక్కించేవారు. రెండుమూడు రోజుల్లో పిండం చుట్టూ ఉన్న ద్రవంలో వైరస్ కోట్లకు కోట్లుగా పెరిగేది. ఆ ద్రవాన్ని తీసి, ఫార్మాలిన్‌తో వైరస్‌ను చంపితే టీకా. నేటికీ ఎక్కువ భాగం గుడ్లలోనే తయారవుతోంది. 1943 నాటి సైనిక ట్రయల్‌లో బాగా పనిచేసిన ఈ టీకా 1947లో చేతులెత్తేసింది. వైరస్ వేషం మార్చేసింది మరి. అందుకే ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు కూర్చుని, రాబోయే సీజన్ టీకాలో ఏ రకాలుండాలో చెబుతుంది.

వయసు మీదపడితే ఇంకో చిక్కు. ఛాతీలోని థైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది, కొత్త టి కణాలు (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) తగ్గిపోతాయి. పైగా శరీరానికి చిన్నప్పుడు చూసిన ఫ్లూ మీదే గురి ఎక్కువ. కొత్త రకం ఎదురైనా పాతదానికి పనికొచ్చే యాంటీబాడీలనే ముందుగా వదులుతుంది. పైన చెప్పిన ఫ్రాన్సిస్సే దీన్ని గమనించి ‘తొలి పాపం’ అని పేరు పెట్టారు.

మరి ట్రయల్ పెట్టి తేల్చేయొచ్చు కదా? సిఫారసు చేసిన టీకాను సగంమందికి ఇవ్వకుండా ఉత్తుత్తి సూది వేయడం అన్యాయమనే వాదన అడ్డొచ్చింది. ఆ లోటు కొంతైనా తీర్చింది నెదర్లాండ్స్. 1991-92 చలికాలంలో 60 ఏళ్లు నిండిన 1,838 మందితో అక్కడ ట్రయల్ జరిగింది. రక్తపరీక్షలో ఫ్లూ సోకినట్టు తేలినవాళ్లు ఉత్తుత్తి సూది గుంపులో నూటికి 9 మంది, టీకా గుంపులో 4. చెప్పుకోదగ్గ తేడానే. కానీ వాళ్లలో 70 దాటినవాళ్లు తక్కువ. మరణాల సంగతి తేల్చడానికి ఆ సంఖ్య ఎటూ చాలదు.

ఆ ఖాళీలోకి ఆస్పత్రి రికార్డుల అధ్యయనాలు వచ్చిపడ్డాయి. టీకా వేయించుకున్న పెద్దవాళ్లలో చలికాలపు మరణాలు, అన్ని కారణాలూ కలిపి, సగానికి సగం తగ్గుతున్నాయని అవి చెప్పాయి. ఏళ్ల తరబడి అందరూ ఆ మాటే చెప్పుకున్నారు. 2005లో పరిశోధకురాలు లోన్ సిమన్సన్ బృందం మామూలు కూడికలు తీసివేతలతోనే దాన్ని నిలదీసింది. అమెరికా వృద్ధుల్లో టీకా వేయించుకునేవాళ్లు 1980కి ముందు దాదాపు 15 శాతం, 2001 నాటికి 65 శాతం. అయినా ఫ్లూ మరణాలు తగ్గిన జాడ లేదు. పైగా చలికాలంలో వందమంది పెద్దవాళ్లు పోతే అందులో ఫ్లూ వాటా పదికి లోపే. పదిమందిని కూడా చంపని జబ్బుకు వేసే టీకా యాభైమందిని ఎలా బతికిస్తుంది?

మరుసటి ఏడాది అమెరికాలోని సియాటిల్‌లో పరిశోధకురాలు లీసా జాక్సన్ బృందం గుట్టు విప్పింది. 65 దాటిన 72 వేలమందికి పైగా రికార్డులు చూస్తే, టీకా వేసుకున్నవాళ్లకూ వేసుకోనివాళ్లకూ మరణాల్లో తేడా ఫ్లూ సీజన్ మొదలుకాక ముందే అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది. వైరస్సే లేనప్పుడు టీకా ఎవరిని కాపాడినట్టు? నడవగలిగినవాళ్లు క్లినిక్‌కు వెళ్లి టీకా వేయించుకున్నారు. మంచం దిగలేనివాళ్లు, ఇవాళో రేపో అన్నట్టున్నవాళ్లు వెళ్లలేదు. ఆ రెండు గుంపులనూ పక్కపక్కన పెట్టి, తేడా మొత్తాన్నీ సూది ఖాతాలో రాశారు.

దీన్నిబట్టి టీకా దండగ అనేవాళ్లూ బయల్దేరారు. అదీ తప్పే. జబ్బు తగ్గించడం వేరు, మరణాలు సగానికి కోయడం వేరు. మొదటిదానికి నెదర్లాండ్స్ ట్రయల్ ఉంది. కూలిపోయింది రెండోది. అంత పెద్ద మాట అనకుండా ఉంటే టీకా పరువు దక్కేదని నాకనిపిస్తుంది.

ఈ రచ్చ వల్ల ఒక మేలు జరిగింది. ఉన్న టీకా చాలదన్న మాట గట్టిగా వినబడింది. టీకాకు బలం పెంచే మందు కలిపిన రకం ఇటలీలో 1997లోనే వచ్చింది. ఒక్కో వైరస్ రకం ప్రోటీన్ 15 మైక్రోగ్రాముల బదులు 60 ఉండే హై డోస్ టీకాకు అమెరికాలో 2009లో అనుమతి దొరికింది. 2014లో దాదాపు 32 వేలమంది ట్రయల్ ఫలితం వచ్చింది. మామూలు టీకా గుంపులో ఫ్లూ 1.9 శాతం, హై డోస్ గుంపులో 1.4. తగ్గుదల 24 శాతం అంటే ఘనంగా ఉంటుంది, వెయ్యికి అయిదుగురు అంటే అంతగా అనిపించదు. రెండూ నిజమే. 2022 నుంచి అమెరికాలో 65 దాటినవాళ్లకు ఇలాంటి బలమైన టీకాలకే మొదటి ప్రాధాన్యం.

2025లో డెన్మార్క్ నుంచి 3 లక్షల 30 వేలమందికి పైగా పాల్గొన్న ట్రయల్ ఫలితం వచ్చింది. ఫ్లూ, నిమోనియా రెండూ కలిపి చూస్తే ఆస్పత్రి పాలైనవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఒక్క ఫ్లూతోనే చేరినవాళ్లు మాత్రం హై డోస్ గుంపులో బాగా తక్కువ. ఇంతమందిలో సగం మామూలు టీకా, సగం హై డోస్ వేయించుకున్నారు. టీకా లేని గుంపు ఇందులోనూ లేదు.