మీటకూ వోల్టుకూ మధ్య: మాడ్యులర్ సింథసైజర్‌కు ప్రోగ్రామబుల్ కీబోర్డు

క్యూఎంకే ఫర్మ్‌వేర్ (ఏ మీట ఏం చేయాలో మనమే నిర్ణయించుకోనిచ్చే, కీబోర్డు లోపలి ప్రోగ్రాం) వేసిన చిన్న కీబోర్డు, అందులో నాలుగైదు మాక్రోలు (ఒక్క నొక్కుతో వరసగా జరిగే ఆజ్ఞలు), అవతల ఒక యూరోర్యాక్ సింథసైజర్, అంటే చట్రంలో బిగించిన మాడ్యూళ్లను తీగలతో కలిపి శబ్దం పుట్టించే యంత్రం. ఈ రెంటినీ కలిపినవాళ్ల ఫిర్యాదులు దాదాపు ఎప్పుడూ అవే: లయ జారిపోతోంది, వదిలేసిన స్వరం మోగుతూనే ఉంది, శ్రుతి కదులుతోంది, స్పీకర్లలో హమ్ వస్తోంది. వీటి మూలం తెలియాలంటే అరవై ఏళ్ల వెనక్కి వెళ్లాలి.

1964లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రూమన్స్‌బర్గ్‌లో రాబర్ట్ మోగ్, సంగీతకర్త హెర్బర్ట్ డాయిచ్ కలిసి వోల్టేజీతో నడిచే మాడ్యూళ్ల తొలి నమూనాలు చేశారు. మోగ్ యంత్రాలతో స్థిరపడిన లెక్క చాలా తేలికైనది: ఒక వోల్టు పెరిగితే ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి. స్థాయిలో పన్నెండు స్వరస్థానాలు గనక ఒక్కో మెట్టు 83.3 మిల్లీవోల్టులు. మోగ్ కీబోర్డులో మీటల కింద రెసిస్టర్ల గొలుసు ఉండేది. ఏ మీట నొక్కితే అక్కడి వోల్టేజీ బయటికి వచ్చేది. మీట వదిలాక కూడా ఎన్వలప్ (శబ్దం పెరిగి తగ్గే తీరు) పూర్తిగా చల్లారేదాకా స్వరం నిలవాలి కాబట్టి ఆ వోల్టేజీని ఒక కెపాసిటర్ పట్టి ఉంచేది. అంటే ఒక్క నొక్కు నుంచి సింథసైజర్‌కు రెండు వేర్వేరు సమాచారాలు అందేవి: ఏ స్వరం, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా. మొదటిది శ్రుతి వోల్టేజీ, రెండోది గేట్. కంప్యూటర్ కీబోర్డు మీటకు స్వరమూ తెలియదు, వోల్టేజీ తెలియదు. అది పంపేది ఏ మీట నొక్కారో, వదిలారో చెప్పే సంఖ్యలు మాత్రమే.

అదే రోజుల్లో శాన్‌ఫ్రాన్సిస్కో టేప్ మ్యూజిక్ సెంటర్ కోసం డాన్ బుక్లా చేసిన యంత్రంలో నలుపు తెలుపు మీటలే లేవు, వేలితో తాకే లోహపు పలకలున్నాయి. ఒక్కో పలకకు ఏ వోల్టేజీ ఇవ్వాలో వాయించేవాడే నాబ్ తిప్పి నిర్ణయించుకోవాలి. మీటకు అర్థం వాయించేవాడే ఇచ్చుకోవడమనే ఆలోచన అక్కడే కనిపిస్తుంది. నేటి ప్రోగ్రామబుల్ కీబోర్డు మోగ్ కన్నా బుక్లాకే దగ్గర చుట్టం.

మాక్రోకు కూడా పూర్వీకులున్నారు. వోల్టేజీలను వరసగా ఒక్కొక్కటే పంపే మోగ్ 960 సీక్వెన్సర్‌లో ఎనిమిది మెట్లు, మూడు వరసల నాబ్‌లు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మాక్స్ మాథ్యూస్, రిచర్డ్ మూర్ చేసిన ‘గ్రూవ్’ మరో అడుగు ముందుకేసింది. 1970లో వాళ్లు వివరాలు ప్రచురించిన ఈ వ్యవస్థలో కంప్యూటర్ శబ్దాన్ని కాక, వాయించినవాడి చేతి కదలికలను దాచుకునేది. వాటిని తర్వాత సవరించి, అనలాగ్ మాడ్యూళ్లకు తిరిగి వోల్టేజీలుగా పంపేది. చేసిన పనిని భద్రపరచి మళ్లీ చేయించడమే మాక్రో అయితే, దాని సంపూర్ణ రూపం అదే.

1983లో మిడి, అంటే వాయిద్యాలు స్వరాలను సందేశాలుగా పంపుకునే డిజిటల్ పద్ధతి, వచ్చింది. సెకనుకు 31,250 బిట్ల వేగం, ఒక స్వరానికి మూడు బైట్లు, దాదాపు ఒక మిల్లీసెకను. ఐదు పిన్నుల తీగ మీద పది స్వరాలు ‘ఒకేసారి’ పంపే మాక్రోలో పదోది సుమారు 10 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరేది అందుకే. 1990ల మధ్యలో జర్మనీలో డీటర్ డోప్‌ఫర్ తెచ్చిన ఏ-100 మాడ్యులర్ వ్యవస్థతో యూరోర్యాక్ కొలతలు నెలకొన్నాయి: ప్యానెల్ ఎత్తు 128.5 మి.మీ., 3.5 మి.మీ. జాకులు, ప్లస్ మైనస్ 12 వోల్టులు. కీబోర్డుల లోకంలో క్యూఎంకే వచ్చింది 2010ల మధ్యలో. మీటలను పొరలుగా మార్చడం, మాక్రోలు, మిడి సందేశాలు పంపడం అన్నీ అందులోనే ఉన్నాయి. 2015లో మోనోమ్ సంస్థ టెలిటైప్ మాడ్యూల్ తెచ్చింది. దాని ముందు ప్యానెల్‌కే యూఎస్‌బీ కీబోర్డు తగిలించి ఆజ్ఞలు టైపు చేయవచ్చు. రెండు వంశాలూ కలిసింది అక్కడే.

కలపడంలో మొదటి పొరపాటు యూఎస్‌బీ దగ్గరే జరుగుతుంది. కీబోర్డు ‘డివైస్’. మిడిని వోల్టేజీగా మార్చే మాడ్యూల్ కూడా చాలావరకు ‘డివైస్’ మాత్రమే. రెండు డివైస్‌లను తీగతో కలిపితే ఏమీ జరగదు, మధ్యలో సంభాషణను నడిపే హోస్టు ఉండాలి. అది కంప్యూటర్ కావచ్చు, చిన్న యూఎస్‌బీ హోస్టు పెట్టె కావచ్చు. టెలిటైప్‌లో హోస్టు ఉంది కానీ మాడ్యూళ్లలో ఉండే హోస్టులు సాదావి. కీబోర్డు తనను తాను మౌసుగా, మీడియా మీటలుగా, డీబగ్ కన్సోల్‌గా కూడా చెప్పుకుంటే కొన్ని హోస్టులు దాన్ని గుర్తించవు. ఫర్మ్‌వేర్ తయారుచేసేటప్పుడే ఆ అదనాలూ, ఎన్‌కేఆర్‌ఓ (ఎన్ని మీటలు నొక్కినా అన్నీ ఒకేసారి పంపే పద్ధతి) కూడా తీసేయండి. ఆరు మీటలు ఒకేసారి అందే సాధారణ పద్ధతి చాలు. మీటల కింది రంగు దీపాలూ ఆపేయండి. కొన్ని రకాల ఆర్‌జీబీ ఎల్‌ఈడీలు ఒక్కొక్కటీ పూర్తి తెలుపులో 50 మిల్లీయాంపులకు పైగా లాగుతాయి, ఆ భారమంతా ర్యాక్ పవర్ సప్లై మీదే పడుతుంది.

ఇక అసలు సమస్య, లయ. క్యూఎంకే మాక్రోలో మామూలు ‘ఆగు’ ఆజ్ఞ పెడితే ఆ విరామమంతా ఫర్మ్‌వేర్ మీటలను చూడటమే మానేస్తుంది. 500 మిల్లీసెకన్ల విరామంలో మీరు నొక్కి వదిలిన మీట ఎప్పటికీ నమోదు కాదు. వాయిదా వేసి నడిపే పద్ధతి క్యూఎంకేలో ఉంది, దానితో ఈ అడ్డంకి తొలగుతుంది. అయినా గడియారం మాత్రం రెండుగానే ఉంటుంది. మాక్రో 125 మిల్లీసెకన్ల విరామాలతో నిమిషానికి 120 బీట్లు లెక్కపెడుతూ, ర్యాక్‌లోని అనలాగ్ క్లాకు 120.5 దగ్గర నడుస్తుంటే, నిమిషం తిరిగేసరికి అర బీటు తేడా వస్తుంది. అందుకే మా గట్టి సలహా: మాక్రోకు కాలాన్ని అప్పగించకండి. ఏం జరగాలో మాక్రో చెప్పాలి, ఎప్పుడు జరగాలో ర్యాక్‌లోని క్లాకు చెప్పాలి. టెలిటైప్‌లో ఇది సులువు. క్లాకును మొదటి ట్రిగర్ ఇన్‌పుట్‌కు కలిపితే ప్రతి పల్సుకూ మొదటి స్క్రిప్టు (ముందే రాసి ఉంచిన ఆజ్ఞల జాబితా) నడుస్తుంది. మాక్రో చేయవలసిందల్లా ఒక కొత్త ఆజ్ఞను టైపు చేసి ఎంటర్ కొట్టడం, లేదా ఎఫ్2 నొక్కి రెండో స్క్రిప్టును పిలవడం. టైపు చేసిన అక్షరాలు మధ్యలో రాలిపోతుంటే ఒక్కో నొక్కుకు 10 మిల్లీసెకన్ల వ్యవధి పెట్టండి.

స్వరాలు వాయించే మీటలకు ‘నొక్కితే ఒకటి, పట్టుకుంటే మరొకటి’ అనే ద్వంద్వ పాత్ర ఎప్పుడూ ఇవ్వకూడదు. అది నొక్కో పట్టో తేల్చుకోవడానికి ఫర్మ్‌వేర్ మామూలుగా 200 మిల్లీసెకన్ల దాకా ఆగుతుంది. నిమిషానికి 120 బీట్ల వేగంలో పావు బీటు 125 మిల్లీసెకన్లే.

స్విచ్ లోపలి లోహపు రేకులు తగిలేటప్పుడు కొన్ని మిల్లీసెకన్లు అదురుతాయి. క్యూఎంకే మామూలు పద్ధతి అదురు తగ్గాక 5 మిల్లీసెకన్లు ఆగి అప్పుడు నొక్కును ఒప్పుకుంటుంది. ‘ఈగర్’ రకం పద్ధతి ముందే పంపేసి తర్వాతి అదురును పట్టించుకోదు. వాయించడానికి అదే మేలు. అయితే పొడవాటి తీగల్లో చేరే విద్యుత్ అలజడిని కూడా నొక్కుగానే తీసుకుంటుంది. స్విచ్ అరిగితే టైపింగ్‌లో ఒక అక్షరం రెండుసార్లు పడుతుందంతే. అదే గేట్ అయితే సీక్వెన్సర్ ఒక మెట్టు ముందుకు దూకుతుంది, ఇక ఆ పాటంతా పక్కకు జరిగే నడుస్తుంది.

ఆగని స్వరానికి కారణం సొంతంగా రాసిన కోడే అవుతుంటుంది. మీట నొక్కినప్పుడు స్థాయి సంఖ్య కలిపి 60వ స్వరం మొదలుపెట్టారు. వదిలేలోపు స్థాయి మార్చారు. వదిలినప్పుడు మళ్లీ లెక్క వేసి 72ను ఆపమన్నారు. 60 మోగుతూనే ఉంటుంది. ఏ మీట ఏ స్వరాన్ని మొదలుపెట్టిందో నొక్కినప్పుడే ఒక పట్టికలో రాసుకుని, వదిలినప్పుడు దాన్నే ఆపాలి. ఎందుకైనా మంచిది, ఒక మీటను కంట్రోల్ చేంజ్ 123కు, అంటే ‘స్వరాలన్నీ ఆపు’ అనే సందేశానికి, కేటాయించుకోండి.

హమ్‌కు కారణం గ్రౌండ్ లూప్, అంటే భూమి తీగల చుట్టు: ల్యాప్‌టాప్ చార్జర్, యూఎస్‌బీ, ర్యాక్, మిక్సర్. ఐదు పిన్నుల మిడిలో తీగ కలవకుండా కాంతితో సంకేతం దాటించే ఆప్టోకప్లర్ ఉండటం వల్ల ఈ చుట్టు తెగుతుంది, యూఎస్‌బీలో తెగదు. ఏడీయూఎం4160 చిప్పు ఉన్న ఐసొలేటర్ మధ్యలో పెడితే చాలావరకు పోతుంది.

కంప్యూటర్ వద్దనుకుని మైక్రోకంట్రోలర్ నుంచే వోల్టేజీ తీసేవాళ్లూ ఉన్నారు. గేట్ తేలిక: 5 వోల్టుల బోర్డు అయితే పిన్ను నుంచి ఒక కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా జాకుకు. 3.3 వోల్టుల బోర్డును కొన్ని మాడ్యూళ్లు పట్టించుకోవు, బఫర్ కావాలి. శ్రుతి దగ్గరే జాగ్రత్త అవసరం. సంఖ్యను వోల్టేజీగా మార్చే చిప్పుల్లో చౌకగా దొరికే ఎంసీపీ4725 తన సప్లైనే కొలబద్దగా వాడుకుంటుంది. యూఎస్‌బీ 5 నుంచి 4.8కి పడితే 4 వోల్టుల స్వరం 3.84కు జారుతుంది, అంటే దాదాపు రెండు స్వరస్థానాలు. ఎంసీపీ4822లో సొంత రిఫరెన్సు ఉంది. గెయిన్ రెట్టింపు చేస్తే 4.096 వోల్టుల పరిధి, మెట్టుకు సరిగ్గా ఒక మిల్లీవోల్టు. లెక్క నోటితో వేసుకోవచ్చు.

మన సంగీతానికి ఈ దారి బాగా నప్పుతుంది. 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ ఒక మోగ్‌ను అమర్చారు, గీతా సారాభాయ్ వంటివారు దానిపై పనిచేశారు. నలుపు తెలుపు మీటల మీద అంతర గాంధారం షడ్జమానికి 333 మిల్లీవోల్టుల పైన పడుతుంది. తంబురాలో వినిపించే గాంధారం 5:4 నిష్పత్తిది, దానికి కావలసింది 322. ఏ మీటకు ఎన్ని మిల్లీవోల్టులో రాసుకున్న పట్టికలో ఆ మీట దగ్గర 333 కొట్టేసి 322 రాయండి, పంచమానికి 583 బదులు 585 పెట్టండి, తంబురా కలిపి వినండి.