షుగర్ ఉన్నవారికి బరువు తగ్గించే ఆపరేషన్: అపోహలు - వాస్తవాలు

బరువు తగ్గించే ఆపరేషన్ గురించి మా ఓపీలో మాట్లాడేవారు ఎక్కువగా రెండు రకాలు. షుగర్ బయటపడి మూడు నాలుగేళ్లయి, అప్పటికే మూడు రకాల మాత్రలు వేసుకుంటూ, తొంభై కిలోలకు పైబడిన నలభై ఏళ్ల వ్యక్తి, "నా పరిస్థితి ఇంకా ఆపరేషన్ దాకా రాలేదు లెండి డాక్టరుగారూ" అని మాట దాటవేస్తారు. ఇరవై ఏళ్లుగా షుగర్‌తో నెట్టుకొస్తూ, రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ చేసుకుంటున్న పెద్దాయన మాత్రం పేపరులో వచ్చిన ప్రకటన తెచ్చి చూపించి, "ఇది చేయించుకుంటే ఇన్సులిన్ మానెయ్యొచ్చట కదా" అంటారు. షుగర్ వరకే చూస్తే ఈ ఆపరేషన్‌తో ఎక్కువ లాభపడేది మొదటి వ్యక్తి. రెండో ఆయనకు బరువు తగ్గుతుంది, ఇన్సులిన్ మోతాదు తగ్గుతుంది, మోకాళ్లకు సుఖం దొరుకుతుంది. ఇన్సులిన్ పూర్తిగా మానే అవకాశం మాత్రం తక్కువ.

నేను సర్జన్‌ను కాను, షుగర్‌కు మందులిచ్చే వైద్యుణ్ని. ఈ ఆపరేషన్‌కు పంపేదీ, అది అయ్యాక ఏళ్ల తరబడి చూసుకునేదీ మేమే కాబట్టి తరచూ వినిపించే అపోహలను ఇక్కడ చర్చిస్తున్నాను. ఇదంతా టైప్-2 మధుమేహం గురించే. టైప్-1 ఉన్నవారు ఊబకాయం వల్ల ఈ ఆపరేషన్ చేయించుకున్నా ఇన్సులిన్ ఆపకూడదు. ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

అపోహ: మందులన్నీ అయిపోయాక, ఇక గత్యంతరం లేనప్పుడు చేయించుకునేదే ఈ ఆపరేషన్.

వాస్తవం: జరుగుతున్న నష్టమంతా ఈ అపోహ దగ్గరే ఉంది. ఇన్సులిన్‌ను తయారుచేసేది క్లోమంలోని బీటా కణాలు. టైప్-2 మధుమేహంలో మొదట శరీరం ఇన్సులిన్ మాట వినదు, దానికి పరిహారంగా ఆ కణాలు ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తాయి, ఏళ్లు గడిచేకొద్దీ అలిసిపోయి కొన్ని పనిచేయడం మానేస్తాయి. ఆపరేషన్ శరీరాన్ని ఇన్సులిన్ మాట వినేలా చేస్తుంది, మిగిలిన కణాల మీద భారం తగ్గిస్తుంది. కానీ ఎప్పుడో పోయిన కణాలను తిరిగి పుట్టించలేదు. అందుకే ఫలితాన్ని నిర్ణయించడంలో ఎన్ని కిలోలు ఉన్నారన్నదాని కన్నా, ఎన్నేళ్లుగా షుగర్ ఉంది, ఇన్సులిన్ మొదలైందా, గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ ఎంత ఉంది, ఎన్ని రకాల మందులు వాడుతున్నారు అన్నవే ముఖ్యం. డయారెమ్, ఏబీసీడీ వంటి అంచనా పద్ధతుల్లో లెక్కకు తీసుకునేవి ఇలాంటి వివరాలే. ఏబీసీడీలో వయసు, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే లెక్క), షుగర్ మొదలైన కాలంతోపాటు సి-పెప్టైడ్ పరీక్ష కూడా ఉంటుంది. మీ క్లోమం ఇంకా సొంతంగా ఎంత ఇన్సులిన్ తయారుచేస్తోందో ఆ రక్తపరీక్ష చెబుతుంది. ఆపరేషన్ ఆలోచన ఉన్నవారు ఈ పరీక్ష చేయించకుండా తేదీ ఖాయం చేసుకోవద్దని నా సలహా.

అలాగని షుగర్ బయటపడిన వెంటనే అందరూ సర్జన్ దగ్గరికి పరుగెత్తాలని కాదు. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే అధ్యయనంలో, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివారికి కొన్ని నెలలపాటు రోజుకు సుమారు 850 కేలరీల ఆహారం మాత్రమే ఇచ్చి, మందులు ఆపి చూస్తే, ఏడాది తిరిగేసరికి 46 శాతం మందిలో షుగర్ మందుల అవసరం లేని స్థాయికి వచ్చింది. కొత్తగా షుగర్ వచ్చినవారు వైద్యుల పర్యవేక్షణలో ముందు ఈ దారి ప్రయత్నించడం సబబు. గట్టిగా ప్రయత్నించినా బరువు తగ్గకపోతే, లేదా తగ్గిన బరువు నిలవకపోతే, ఆపరేషన్ గురించి మాట్లాడాల్సింది అప్పుడే, మరో పదేళ్లు ఆగాక కాదు.

అపోహ: ఇది నూట ఇరవై, నూట యాభై కిలోలు ఉన్నవారికే.

వాస్తవం: 1991 నాటి అమెరికా మార్గదర్శకాలు బీఎంఐ 40 దాటినవారికి, లేదా 35 దాటి ఇతర జబ్బులున్నవారికి మాత్రమే ఆపరేషన్‌ను సూచించాయి. ఆ అంకెలే జనంలో పాతుకుపోయాయి. 2022లో అంతర్జాతీయ, అమెరికా బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జరీ సంఘాలు వాటిని సవరించి, టైప్-2 మధుమేహం ఉంటే 30 నుంచే సూచించవచ్చనీ, ఆసియా ప్రజల విషయంలో 27.5 నుంచే ప్రతిపాదించవచ్చనీ చెప్పాయి. మనవాళ్లకు ఈ తేడా ఎందుకంటే, కాళ్లూ చేతులూ సన్నగా ఉన్నా కొవ్వంతా పొట్ట చుట్టూ, కాలేయంలో చేరుతుంది. తక్కువ బరువుకే షుగర్ వస్తుంది. అయిదడుగుల నాలుగంగుళాల ఎత్తున్న మనిషిని తీసుకుంటే, 73 కిలోలకే బీఎంఐ 27.5 దాటుతుంది, 80 కిలోలకు 30 దాటుతుంది, 35 దాటాలంటే 93 కిలోలు ఉండాలి. 73 కిలోల మనిషిని మన ఇళ్లలో ఎవరూ లావు అనరు. "కాస్త ఒళ్లు చేశారు" అంటారంతే.

అయితే 27.5 దాటిన ప్రతి ఒక్కరికీ ఆపరేషన్ కావాలని దీని అర్థం కాదు. ఆ స్థాయిలో ఉండి, మందులు సక్రమంగా వాడుతున్నా షుగర్ అదుపులోకి రానివారి విషయంలో ఆలోచించాలి. మాత్రలు రోజు విడిచి రోజు వేసుకునేవారిలో షుగర్ అదుపు తప్పితే ముందు సరిచేయాల్సింది మాత్రల సంగతే.

అపోహ: ఆపరేషన్‌తో షుగర్ శాశ్వతంగా పోతుంది.

వాస్తవం: కొన్ని ప్రకటనలు వాడే "విముక్తి" అన్న మాటను వైద్యులు వాడరు. కనీసం మూడు నెలలపాటు షుగర్ మందులేవీ లేకుండా హెచ్‌బీఏ1సీ 6.5 కన్నా తక్కువ ఉంటే దాన్ని రెమిషన్ అంటారు. అంటే జబ్బు అణిగి ఉందని, మళ్లీ తలెత్తవచ్చని. స్వీడన్‌లో ఏళ్ల తరబడి సాగిన ఎస్‌ఓఎస్ అధ్యయనంలో, ఆపరేషన్ చేయించుకున్న షుగర్ రోగుల్లో రెండేళ్లకు 72 శాతం మంది రెమిషన్‌లో ఉండగా, పదిహేనేళ్లకు ఆ సంఖ్య 30 శాతానికి దిగింది. రోమ్‌లో కనీసం అయిదేళ్లుగా షుగర్ ఉన్న 60 మందిపై జరిగిన అధ్యయనంలో, పదేళ్ల తరవాత కూడా ఆపరేషన్ చేయించుకున్నవారిలో 37.5 శాతం మంది రెమిషన్‌లోనే ఉన్నారు. మందులు మాత్రమే వాడినవారిలో అది 5.5 శాతం. అమెరికాలో జరిగిన స్టాంపీడ్ అధ్యయనంలో అయిదేళ్లకు హెచ్‌బీఏ1సీ 6 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవారు, ఈ ఆపరేషన్‌లోని రెండు ముఖ్య రకాల్లో బైపాస్ చేయించుకున్న వర్గంలో 29 శాతం, స్లీవ్ చేయించుకున్న వర్గంలో 23 శాతం, మందుల వర్గంలో 5 శాతం.

ఈ అంకెలను రెండు విధాలా చదవవచ్చు. మందులకన్నా ఆపరేషన్ ఎన్నో రెట్లు మెరుగని ఒకరు అంటారు, ఎక్కువమందిలో షుగర్ మళ్లీ వచ్చింది కదా అని మరొకరు అంటారు. రెండూ నిజమే. కానీ షుగర్ తిరిగి వచ్చినంత మాత్రాన ఆపరేషన్ వృథా అయినట్టు కాదు. స్వీడన్ అధ్యయనంలోనే కళ్లు, కిడ్నీలు, నరాలకు వచ్చే చిక్కులు ఆపరేషన్ చేయించుకున్నవారిలో సుమారు సగానికి తగ్గాయి. కొన్నేళ్లపాటు షుగర్ అదుపులో ఉండటమే శరీరానికి పెద్ద మేలు.

అపోహ: కడుపు చిన్నది చేసి అన్నం తిననివ్వకుండా చేయడమే కదా, ఇంట్లోనే ఉపవాసం ఉంటే సరిపోదా?

వాస్తవం: స్లీవ్‌లో జీర్ణాశయంలో సుమారు 80 శాతం తీసేసి, సన్నని గొట్టంలా మిగులుస్తారు, తీసేసినదాన్ని తిరిగి అతికించలేరు. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగంలో చిన్న సంచిలాంటిది మిగిల్చి, దాన్ని చిన్నపేగులో కొంత కిందికి కలుపుతారు. తక్కువ తినడం ఒక కారణమే, కానీ అదొక్కటే కాదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం స్లీవ్‌లో పోతుంది. ఆహారం పేగు కింది భాగానికి తొందరగా చేరడం వల్ల ఇన్సులిన్‌ను పెంచే జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు ఎక్కువగా విడుదలవుతాయి. అందుకే బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే, ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లేలోపే చాలామందిలో షుగర్ దిగుతుంది. ఆ రోజుల్లో పాత మోతాదులోనే ఇన్సులిన్ చేసుకున్నా, గ్లిమిపెరైడ్ వంటి మాత్రలు వేసుకున్నా షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. డిశ్చార్జి కాగితంలో షుగర్ మందుల కొత్త మోతాదులు స్పష్టంగా రాయించుకోకుండా బయలుదేరవద్దు.

రెండు ఆపరేషన్లలో ఏది అన్నది సర్జన్‌తో కూర్చుని తేల్చుకోవాలి. గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ముందు నుంచీ ఉన్నవారికి స్లీవ్ తరవాత అవి ముదరవచ్చు. షుగర్ మీద ప్రభావం బైపాస్‌కు కొంత ఎక్కువ, పోషక లోపాలూ దానికే ఎక్కువ.

అపోహ: ఇది ప్రాణాపాయమైన పెద్ద ఆపరేషన్.

వాస్తవం: చిన్న రంధ్రాల ద్వారా చేసే ల్యాప్రోస్కోపీ పద్ధతిలో అనుభవమున్న కేంద్రాల్లో నెల రోజుల్లోపు మరణించే ప్రమాదం వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురి వరకు ఉంటుంది. అంటే పిత్తాశయం తీసే ఆపరేషన్‌కు ఉన్నంత. పిత్తాశయంలో రాళ్లంటే వెంటనే ఒప్పుకునేవారే దీని పేరు చెబితే బెదిరిపోతారు. అసలు ప్రమాదాలు కుట్ల దగ్గర లీక్ కావడం, రక్తస్రావం, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం. పొగతాగేవారు ముందుగా మానాలి.

షుగర్ ఉన్నవారు అదనంగా చూసుకోవాల్సినవి రెండున్నాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలను ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు వైద్యుని సలహాతో ఆపాలి. లేకపోతే షుగర్ అంతగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు చేరి ఆమ్లత పెరిగే ప్రమాదం ఉంది. రెండోది కంటి పరీక్ష. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా దిగితే, రెటీనా అప్పటికే దెబ్బతిని ఉన్నవారిలో అది మరింత పాడయ్యే అవకాశం ఉంటుంది.

అపోహ: ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చాయి, ఆపరేషన్ అవసరమే లేదు.

వాస్తవం: 2025లో మన దేశంలో బరువు తగ్గించే ఇంజెక్షన్లు మౌంజారో (టిర్జెపటైడ్), ఆ తరవాత వెగోవి అందుబాటులోకి వచ్చాక ఈ మాట రోజూ వింటున్నాను. ఇవి మంచి మందులు, నేనూ రాస్తున్నాను. కానీ షుగర్ ఉన్నవారిలో జరిగిన అధ్యయనంలో టిర్జెపటైడ్ అత్యధిక మోతాదుతో 72 వారాల్లో తగ్గిన బరువు సగటున 14.7 శాతం, ఆపరేషన్‌తో పాతిక శాతం దాకా తగ్గుతుంది. ఇంజెక్షన్ ఆపితే, తగ్గిన బరువులో సగానికి పైగా ఏడాదిలోనే తిరిగి వచ్చినట్టు మరో అధ్యయనం చూపింది. కాబట్టి ఖర్చును ఒక నెలకు కాక పదేళ్లకు లెక్క కట్టుకుని చూడాలి. బీఎంఐ 28, 29 ఉన్నవారికి నేను ముందుగా ఇంజెక్షనే సూచిస్తాను. 38 ఉన్నవారితో రెండింటి గురించీ మాట్లాడతాను.

అపోహ: ఆపరేషన్ తరవాత జీవితాంతం జావలే తాగాలి.

వాస్తవం: జావలు మొదటి కొన్ని వారాలకే. ఆ తరవాత అన్నం, రొట్టె, కూర అన్నీ తినవచ్చు, కానీ పరిమాణం మారుతుంది. నాలుగు ఇడ్లీలు తినే మనిషి ఒక ఇడ్లీ పూర్తి చేయడానికి తంటాలు పడతారు. కడుపులో పట్టేదే కొంచెం కాబట్టి, ముందు వెళ్లాల్సింది గుడ్డు, చేప, పెరుగు, పప్పు, పనీర్, మీల్‌మేకర్ వంటివి. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అందాలి. శాకాహారులకు ఇది తేలిక కాదు, చాలామందికి ప్రొటీన్ పొడి తప్పదు. బైపాస్ అయినవారు పెళ్లి భోజనంలో జిలేబీలు తిన్న అరగంటలోపే చెమటలు, గుండెదడ, కడుపులో మెలిపెట్టడం అనుభవించవచ్చు. దాన్ని గుండెపోటు అనుకుని ఆస్పత్రికి వచ్చినవారూ ఉన్నారు.

ఐరన్, బి12, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వేసుకోవాలి. ఐరన్, కాల్షియం ఒకేసారి కాకుండా కనీసం రెండు గంటల ఎడంతో వేసుకోవాలి. బైపాస్ అయినవారు మోకాళ్ల నొప్పులకని మందుల షాపులో డైక్లోఫెనాక్ కొని మింగకూడదు, కుట్ల దగ్గర పుండ్లు పడతాయి. వీటన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. ఆపరేషన్ తరవాత రోజుల తరబడి వాంతులవుతుంటే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ సెలైన్ ఎక్కించుకుని పడుకోవద్దు. అప్పటికే శరీరంలో థయామిన్ అనే బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు.

పిల్లలు కావాలనుకునే ఆడవారు ఆపరేషన్ తరవాత ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి. బరువు తగ్గాక గర్భం తొందరగా నిలుస్తుంది కాబట్టి ఈ సంగతి ముందే మాట్లాడుకోవాలి.

అపోహ: ఇది అందానికి చేసే ఆపరేషన్, బీమా రాదు.

వాస్తవం: వస్తుంది, కానీ షరతులతో. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండి, బీఎంఐ 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవారికి, లేదా 35 దాటి అదుపులేని టైప్-2 మధుమేహం, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోతూ ఉండే జబ్బు) వంటివి ఉన్నవారికి, ఇతర పద్ధతులు ఫలించనప్పుడు వైద్యుల సలహాతో చేసే ఆపరేషన్‌ను ఊబకాయ చికిత్స మినహాయింపు కింద తిరస్కరించకూడదు. వైద్యశాస్త్రం 27.5 దగ్గరే ఆలోచించమంటుంటే, బీమా 35 దాకా ఆగమంటోంది. మధ్యలో ఉన్నవారు ఖర్చు సొంతంగా భరించాల్సిందే. నా దృష్టిలో ఇది అన్యాయమైన నిబంధన. అన్నట్టు, బీమాకు "ఇతర పద్ధతులు ఫలించలేదు" అని చూపించాలంటే ఆహార నియమాల చీటీలు, మందుల చీటీలు, బరువు నమోదులు కావాలి, వాటిని పారేయకండి.

అపోహ: మందులన్నీ ఆగిపోయాయి, ఇక పరీక్షలతో పని లేదు.

వాస్తవం: రెమిషన్‌లో ఉన్నా కంటి పరీక్ష, కిడ్నీల స్థితి చెప్పే మూత్రంలో అల్బుమిన్ పరీక్ష, పాదాల పరీక్ష ఏడాదికోసారి తప్పవు. పాత షుగర్ చేసిన నష్టం కొన్నేళ్ల తరవాత కూడా బయటపడవచ్చు. హెచ్‌బీఏ1సీ చూసేటప్పుడు హిమోగ్లోబిన్ కూడా చూడాలి, ఎందుకంటే ఐరన్ లోపం ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఐరన్ సరిగానే ఉండి, నిరుడు 5.7 ఉన్న హెచ్‌బీఏ1సీ ఈ ఏడాది 6.3 అయి, దానికి తోడు నాలుగైదు కిలోలు పెరిగినట్టు కనిపిస్తే, 6.5 దాటేదాకా కాచుకుని కూర్చోకుండా తిండి సంగతి మళ్లీ చూసుకుని, మెట్‌ఫార్మిన్‌ను తక్కువ మోతాదులో మొదలుపెట్టే విషయం వైద్యునితో అప్పుడే మాట్లాడాలి.