మోటారుకీ మనిషికీ రాకెట్‌కీ ఒకే మాట

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా అపార్ట్‌మెంటు బోరు మోటారు బర్నౌట్ అయిందన్నాడు మెకానిక్. అదే వారం మా అమ్మాయి ఆఫీసులో బర్నౌట్ మీద అరపూట క్లాసు పెట్టారు. టీవీలో రాకెట్ ప్రయోగం చూస్తే అక్కడా బర్నౌటే, పైగా చప్పట్లు! ఈ మాటకి అర్థం ఒకటా, మూడా?"

రెండండీ. ఇంగ్లీషువాళ్ళు ఒకే మాటలో కలిపేసిన ఆ రెండూ తెలుగులో ముందునుంచీ వేరు. అన్నం మాడుతుంది. నూనె అయిపోయిన దీపం కొండెక్కుతుంది. మాడితే ఎక్కడో తప్పు జరిగినట్టు. కొండెక్కితే పోసిన నూనెకు లెక్క సరిపోయినట్టు. ఈ రెండింటినీ విడదీసుకుంటే సగం గందరగోళం పోతుంది.

మాడటం సంగతి ముందు చూద్దాం. అసలు సరుకంతా అందులోనే ఉంది. ఓమ్ సూత్రం, వోల్టు అంటే ఏమిటి వగైరా పదో తరగతి పుస్తకంలో ఉన్నాయి, ఇక్కడ వద్దు.

టిఫిన్ బండి దగ్గర దోసెలు వేసేవాణ్ణి గమనించండి. పిండి వేసేముందు పెనం మీద నీళ్ళు చిలకరిస్తాడు. చుయ్‌మని పడ్డచోటే ఎగిరిపోతే సరే. నీళ్ళు ముత్యాల్లా చేరి పెనమంతా దొర్లుతున్నాయంటే పిండి వెయ్యడు. ఇంకాసిని నీళ్ళు కొట్టి చీపురుతో తోసేస్తాడు. పెనం 130 డిగ్రీల దగ్గరుంటే బొట్టు ఒకటి రెండు సెకన్లలో మాయం. 250 దాటితే అదే బొట్టు అర నిమిషం పైన బతుకుతుంది. పెనం వేడెక్కినకొద్దీ నీళ్ళు ఆలస్యంగా ఆవిరవుతాయన్నమాట! బొట్టు అడుగున పుట్టిన ఆవిరే దానికి పరుపైపోతుంది. నీటితో పోలిస్తే ఆవిరి వేడిని మోసేది పాతిక వంతుల్లో ఒక వంతు. పెనానికీ బొట్టుకీ మధ్య ఉన్న దారి మూసుకుపోయింది. 1756లో దీని గురించి రాసిన జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ పేరే దీనికి స్థిరపడింది.

(పీర్ల పండుగకు నిప్పుల గుండం తొక్కేవారి కాళ్ళు కాలకపోవడానికీ ఇదే కారణమని కొందరు సైన్సు మాస్టర్లు చెబుతుంటారు. అక్కడ ముఖ్యమైంది ఇది కాదు. బూడిద కప్పిన బొగ్గు వేడిని చాలా మెల్లగా వదులుతుంది, అడుగేమో సెకను లోపే లేచిపోతుంది. మహిమ కాదని చెప్పడానికి తప్పు సైన్సు చెప్పనక్కర్లేదు.)

ఇప్పుడు పెనం వదిలేసి, నీళ్ళలో ముంచిన సన్నని తీగలోకి కరెంటు పంపండి. జపాన్‌లో షిరో నుకియామా 1934లో ప్రచురించిన ప్రయోగం ఇదే. కరెంటు పెంచేకొద్దీ తీగ మీద బుడగలు జోరందుకుంటాయి. బుడగ లేచినచోటికి చల్లటి నీళ్ళు దూకుతాయి కాబట్టి వేడి బ్రహ్మాండంగా బయటికి పోతుంది. తీగ మాత్రం 130 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు సుమారు 100 వాట్ల దాకా ఈ వైభోగం సాగుతుంది. ఆ గీత దాటి ఇంకొంచెం పెంచారా, బుడగలన్నీ కలిసి ఒకే ఆవిరి పొర అయి తీగను చుట్టేస్తాయి. కరెంటు అంతే వస్తోంది, వేడి పోయే దారి లేదు. తీగ ఒక్క గెంతులో వెయ్యి డిగ్రీలు దాటుతుంది. నుకియామా నిక్రోమ్ తీగ అక్కడే కరిగింది. ఇంకా ఎక్కువ వేడికి ఓర్చే ప్లాటినం తీగ నిలబడింది. ఇంజినీరింగ్ పుస్తకాల్లో బర్నౌట్ పాయింట్ అంటే ఆ గెంతు మొదలయ్యే చోటు.

ఇందులో కీలకం వేడి ఎక్కువవడం కాదు. తీగ ఎంత కష్టంలో ఉన్నా పైనుంచి వచ్చే వాట్లు తగ్గకపోవడం. అదే తీగ బదులు 140 డిగ్రీల ఆవిరి పారే గొట్టం ముంచితే ఏమీ కాదు. గొట్టం ఎంత తంటాలు పడినా 140 దాటలేదు. లోపలికొచ్చే వేడి బయటి పరిస్థితిని బట్టి తగ్గుతుందా లేదా? మాడేదీ మాడనిదీ తేలేది ఇక్కడే.

మీ ఇంట్లో నీళ్ళు కాచే రాడ్డు తీసుకోండి. 1500 వాట్లు, తీగచుట్ట ఉపరితలం సుమారు 150 చదరపు సెంటీమీటర్లు, అంటే చదరపు సెంటీమీటరుకు పది వాట్లు. నీళ్ళలో ఉన్నంతసేపూ బర్నౌట్ గీతలో పదోవంతు దగ్గరే ఉంటుంది, నిశ్చింత. ఆన్‌లో ఉండగా బయటికి తీస్తే గాలి ఆ పది వాట్లను మోయలేదు, నిమిషాల్లో ఎర్రబడి పగులుతుంది. మన బోరు నీళ్ళతో ఇంకో చిక్కు. రాడ్డు మీద తెల్లగా పేరుకునే సున్నం పొర ఒక్క మిల్లీమీటరు మందమున్నా లోపలి గొట్టం ఉరామరిగా మరో వంద డిగ్రీలు వేడెక్కుతుంది. ఆవిరి పొర చేసే పనే రాయి చేస్తోంది. నెలకోసారి నిమ్మరసమో వెనిగరో కలిపిన నీళ్ళలో నానబెట్టి రుద్దండి, ప్లగ్గు తీసేసి మాత్రమే. స్టార్టరు డబ్బాకి దిష్టి నిమ్మకాయ కట్టడం కన్నా నిమ్మకాయకి ఇది మంచి ఉద్యోగం.

ఈసీఐఎల్ దగ్గరి న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్సులో తయారయ్యే ఇంధన కడ్డీల విషయంలోనూ భయం ఇదే. యురేనియం ఇచ్చే వేడి బయట నీళ్ళు ఎలా ఉన్నాయో చూసుకుని తగ్గదు. అందుకే రియాక్టరును ఆ గీతకు చాలా కిందే నడుపుతారు.

ఇక బోరు మోటారు. బోరులో మునిగి నడిచే సబ్‌మెర్సిబుల్‌కి చలవ దాని పక్కనుంచి పైకి పోయే నీళ్ళే. మే నెలలో నీటిమట్టం దిగి పంపు గాలి మింగడం మొదలెడితే ఆ చలవ పోతుంది. చాలా బోరు మోటార్లలో వైండింగ్ (లోపలి రాగి చుట్టలు) తీగకు ఇన్సులేషన్‌గా ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, పీవీసీ అయితే 70 డిగ్రీలే దాని హద్దు. పైన నడిచే మామూలు మోటార్లలో ఎనామిల్ తీగ. ఎఫ్ క్లాస్ ఇన్సులేషన్ అయితే 155 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. హద్దు దాటాక ప్రతి పది డిగ్రీలకూ ఇన్సులేషన్ ఆయుష్షు సగమవుతుందని మోటార్లవాళ్ళ లెక్క. వేడెక్కిన రాగి నిరోధం కూడా పెరుగుతుంది, 30 నుంచి 130 డిగ్రీలకు దాదాపు 38 శాతం. అదే కరెంటుకు వేడి అంత ఎక్కువ పుడుతుంది. మళ్ళీ అదే ఊబి.

మోటారు విప్పాక మెకానిక్ తీగ కోసేలోపు ఒక్క నిమిషం ఆపి చూడండి. మాడిన తీరే కారణం చెబుతుంది. మూడు ఫేజుల చుట్టలూ సమానంగా గోధుమరంగుకు తిరిగితే ఓవర్‌లోడో లో వోల్టేజో. ఒకే చోట తీగ తెగి నల్లటి మచ్చ, మిగతాది శుభ్రంగా ఉంటే చుట్ల మధ్య షార్టు. కొన్ని ఫేజులు బొగ్గయి కొన్ని కొత్తవాటిలా మెరుస్తుంటే సింగిల్ ఫేజింగ్, అంటే ఎక్కడో ఫ్యూజు పోయి రెండు ఫేజుల మీదే నడిచింది. మూడు చుట్టల్నీ కలిపిన పద్ధతి స్టార్ అయితే రెండు ఫేజులు మాడి ఒకటి మిగులుతుంది, డెల్టా అయితే ఒకటి మాడి రెండు మిగులుతాయి. అదే లోడు లాగాలంటే ఉన్న రెండు వైర్లలో కరెంటు 1.73 రెట్లవుతుంది, వేడి కరెంటు వర్గాన్ని బట్టి కాబట్టి మూడు రెట్లు. ఇసుక పట్టి రోటరు (మోటారులో తిరిగే భాగం) కదలకపోతే కరెంటు ఆరు రెట్లు, వేడి 36 రెట్లు. అది నిమిషం కూడా ఆగదు. అందుకే కరెంటు ఎక్కువైతే మోటారును ఆపేసే ఓవర్‌లోడ్ రిలేని మోటారు ప్లేటు మీద రాసిన ఆంపియర్ల దగ్గరే పెట్టాలి. "ఊకె ట్రిప్ అయితాంది సార్" అంటూ దాన్ని పైకి తిప్పేసే చెయ్యే చాలా మోటార్లను మాడ్చింది.

ఒక్క మోటారుతో ఆగదు. తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను అడిగారు. కారణాల్లో ఒకటి చూడండి. అవి ఉంటే కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కిందున్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి, లేచేటప్పుడు ఒక్కోటి ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. వోల్టేజి కుంగుతుంది. 415 వోల్టులు 350కి పడితే మోటారు బలం 71 శాతానికి దిగుతుంది, ఎందుకంటే అది వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. బలం చాలక ఏదీ పూర్తి వేగానికి రాదు, రానంతసేపూ అన్నీ ఆ పెద్ద కరెంటే లాగుతుంటాయి. పక్కవాడి ఇబ్బంది నా ఇబ్బందిని పెంచుతుంది, నాది వాడిదాన్ని.

ఐటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకు ఈ చివరి వాక్యం కొత్త కాదు. ఒకరు మానేస్తే ఆ పని మిగతా నలుగురి మీద పడుతుంది, తర్వాత ఇంకొకరు. మనిషికి ఈ మాటను న్యూయార్క్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బెర్గర్ 1974లో శాస్త్ర పత్రికకెక్కించాడు, ఉచిత వైద్యశాలల్లో పనిచేసేవారిని చూసి. 1981లో క్రిస్టినా మస్లాక్, సుసాన్ జాక్సన్ దానికి ప్రశ్నావళి కట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇది జబ్బు కాదు, పనికి సంబంధించిన స్థితి అని స్పష్టం చేసింది. లక్షణాలు మూడు: ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద మనసు విరిగి దూరం జరగడం, చేసేదాంట్లో పస తగ్గిందనిపించడం.

చాలా కంపెనీలు దీన్ని నూనె అయిపోయిన దీపంగా చూస్తాయి. నాలుగు రోజులు సెలవిచ్చి నూనె పోస్తే మళ్ళీ వెలుగుతుందని. నా లెక్కలో ఇది మాడటమే. రెండో లక్షణం చూడండి, అచ్చం ఆవిరి పొరే. తట్టుకోలేక మనిషి తనచుట్టూ తానే కట్టుకున్న పొర, తీరా భారం దిగే దారుల్నే మూసేస్తుంది. పైనుంచి వచ్చే పని ఆ సంగతి చూసుకుని తగ్గదు. పోలికను ఇంతకన్నా లాగకూడదు, మనిషికి మెగ్గర్ (ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు) పెట్టి చూడలేం కదా.

రాకెట్‌ది రెండో కుటుంబం. అక్కడ బర్నౌట్ అంటే ఇంధనం కొండెక్కడం. రాకెట్ కూడా నిజంగానే పైకెక్కుతూ ఉంటుంది. హైదరాబాద్ స్కైరూట్ తయారుచేసిన విక్రమ్-ఎస్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి లేచి 89.5 కిలోమీటర్లు చేరింది. అది ఒకే దశ ఘన ఇంధన రాకెట్. ఇలాంటివి చివరి భాగమంతా మంట లేకుండా, వచ్చిన ఊపుతోనే వెళతాయి. ఇంధనం అయిపోయేనాటికి నిట్టనిలువుగా సెకనుకు కిలోమీటరు వేగముంటే, గాలి అడ్డు లేదనుకుంటే, ఇంకో 51 కిలోమీటర్లు ఉచితం. అయితే మంట టక్కున ఆగదు. 2008 ఆగస్టులో స్పేస్‌ఎక్స్ వాళ్ళ ఫాల్కన్-1 మూడో ప్రయోగంలో ఇంజిన్ ఆపాక మిగిలిన కాస్త తోపుతో కింది దశ, అప్పుడే విడిపోయిన పై దశను వెనకనుంచి గుద్దింది. ఇంజిన్ ఆపడానికీ దశలు విడదీయడానికీ మధ్య ఇంకొన్ని సెకన్లు ఆగితే సరిపోయేది.

సికింద్రాబాద్ పాట్ మార్కెట్ లాంటి చోట్ల బంగారం పోతపోసేవాళ్ళకు బర్నౌట్ అంటే రోజూవారీ పని. మైనపు అచ్చు చుట్టూ జిప్సం, సిలికా కలిపిన పిండి పోసి, గట్టిపడ్డాక కొలిమిలో పెడతారు. 150 డిగ్రీల దగ్గర మైనం కారిపోతుంది. 220 నుంచి 270 మధ్య సిలికా ఒక్కసారిగా ఉబ్బుతుంది, అక్కడ తొందరపడితే మూస పగులుతుంది. 730 దగ్గర కొన్ని గంటలు ఉంచి మసి కూడా మిగలకుండా కాలుస్తారు. 750 దాటనిస్తే, అందులోనూ మసి మిగిలుంటే, జిప్సం విరిగి గంధకపు వాయువు వస్తుంది, నగ మీద సూదిమొన చిల్లులు పడతాయి. గ్రాము మైనం ఖాళీ చేసిన చోటికి 22 క్యారెట్ బంగారం సుమారు 18 గ్రాములు పడుతుంది. చీరల కొట్లో బ్రాసో అనేదీ ఈ తంతే. ఆమ్ల లవణం ముద్దను పూవుల చుట్టూ అద్ది వేడిచేస్తే నూలు పొడై రాలిపోతుంది, పాలియెస్టరు వలలా మిగులుతుంది.

రెండు కుటుంబాలూ కలిసేది రాణీగంజ్ లాంటి చోట, రివైండింగ్ షాపులో. మాడిన మోటారు బాగుచేయడం ఇంకో బర్నౌట్‌తోనే మొదలవుతుంది. పాత తీగను పట్టుకున్న వార్నిష్ పోవాలి కాబట్టి స్టేటరును (చుట్టలుండే కదలని భాగాన్ని) ఓవెన్లో పెట్టి కాలుస్తారు. ఇనుప రేకుల దొంతర 360, 370 డిగ్రీలు దాటకూడదు. దాటితే రేకుల మధ్యనున్న సన్నని ఇన్సులేషన్ కూడా పోయి, రేకులు ఒకదానికొకటి తగిలి, వాటిలోనే కరెంటు సుళ్ళు తిరిగి వేడి పుడుతుంది. ఓవెన్ లేని షాపులో గ్యాసు మంట పెట్టి తీగ లాగేస్తారు, మంట తగిలినచోట ఎన్ని డిగ్రీలుందో ఎవరూ చూడరు. కొత్త రాగి, కొత్త వార్నిష్, మెగ్గర్ రీడింగ్ బ్రహ్మాండం. లోడు లేకుండా గంట నడిపి చెయ్యిపెట్టి చూస్తే మాత్రం ఒళ్ళంతా కాలుతుంటుంది. మెకానిక్ దాన్ని "కొత్త వైండింగ్ కదా, సెట్ అవుతుంది" అంటాడు.