టీబీకి మాస్కు ఎవరు పెట్టుకోవాలి? కొన్ని అపోహలు - వాస్తవాలు

చీమకుర్తి చుట్టుపక్కల ఊళ్లలో టీబీ మందులు అందించడం, ఇళ్లకెళ్లి చూసిరావడం నా పని. మాస్కు మాటెత్తితే ప్రతి ఇంట్లో ఇంచుమించు ఇవే వినపడతాయి.

అపోహ: పేషెంటు దగ్గరికెళ్లే వాళ్లు పెట్టుకుంటే చాలు.

ముందు పెట్టుకోవాల్సింది దగ్గేవాళ్లే. దగ్గినప్పుడు వచ్చే తుంపర్లు గాల్లో ఆరిపోయి, కంటికి ఆనని రేణువులై గంటల తరబడి తేలుతుంటాయి. గదంతా పరుచుకున్నాక వాటిని ఆపడం కష్టం. నోటి దగ్గరైతే మామూలు సర్జికల్ మాస్కే చాలావరకు ఆపుతుంది. దక్షిణాఫ్రికాలో మందులకు లొంగని టీబీ ఉన్నవాళ్ల వార్డు గాలిని గినీ పందులకు పట్టి చూశారు. రోగులు మాస్కు పెట్టుకోని రోజుల గాలి పీల్చిన 90లో 69కి సోకింది. మాస్కు పెట్టుకున్న రోజుల గాలి పీల్చిన 90లో 36కే సోకింది. బాగా తగ్గింది గానీ ఆగిపోలేదు. అందుకే నేను మాస్కుతో పాటు కిటికీ కోసం కూడా పోరుతుంటాను.

అపోహ: క్వారీకి కట్టుకెళ్లే తువ్వాలు ఉందిగా!

దగ్గేటప్పుడు అడ్డం పెట్టుకోవడానికి ఏమీ లేనిదానికన్నా నయం, అంతే. సన్నటి రాతి దుమ్మునే అది సరిగా ఆపదు. ఆ దుమ్ములోని సిలికాతో ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లకు టీబీ ఇంకా తేలిగ్గా వస్తుంది.

అపోహ: ఖరీదైన ఎన్95 అయితే ఎవరికైనా మంచిదే.

దగ్గరుండి చూసుకునేవాళ్లకు మంచిదే, ముఖానికి బిగుతుగా అతుక్కుంటే. గడ్డం ఉంటే సందుల్లోంచి గాలి దూరుతుంది. ఇక ముందు బిళ్లలా వాల్వు ఉన్నది పేషెంటుకు అసలు కొనొద్దు. వదిలిన గాలి వడపోత లేకుండా ఆ వాల్వులోంచే బయటికొస్తుంది.

అపోహ: టీబీ అంటే మాస్కు తీయకూడదు.

వెన్నెముకకో, గ్రంథులకో మాత్రమే వచ్చిన టీబీ దగ్గుతో అంటదు. ఊపిరితిత్తులదైనా, సరైన మందు పడితే చాలామందిలో కొద్ది వారాల్లోనే అంటించే గుణం తగ్గిపోతుంది. ఎప్పుడు తీయాలో డాక్టరు చెబుతారు. మందు మాత్రం కోర్సు పూర్తయ్యేదాకా మానకూడదు.

అపోహ: కంచం, గ్లాసు వేరు చేస్తే చాలు.

ఒక ఇంట్లో పెద్దావిడకు రెండూ వేరుగా పెట్టారు. చలిగాలి తగులుతుందని గది కిటికీ మూసేసి, మనవడిని పక్కలోనే పడుకోబెట్టారు! టీబీ కంచంతో రాదు, గాలితో వస్తుందని నాలుగుసార్లు చెప్పా. ఇప్పుడు పిల్లాడు వేరేగా పడుకుంటున్నాడు, ఆవిడ మంచం వరండాలోకి మారింది. కంచం మాత్రం ఇంకా వేరే.