విక్రాంత్‌లా నటించిన రాజ్‌పుత్

1971 నవంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కరాచీ నుంచి బయలుదేరింది. దాని గురి మన ఏకైక విమానవాహక నౌక విక్రాంత్. బాయిలర్ దెబ్బతిని పూర్తి వేగం అందుకోలేని విక్రాంత్‌ను మనవాళ్లు అండమాన్ దీవుల్లో దాచారు. అది విశాఖ దగ్గరే ఉందని శత్రువును నమ్మించే పని, తూర్పు నౌకాదళాన్ని నడిపిస్తున్న వైస్ అడ్మిరల్ కృష్ణన్, డిస్ట్రాయర్ రకం యుద్ధనౌక రాజ్‌పుత్‌కు అప్పగించారు.

రాజ్‌పుత్ అప్పటికే పాత ఓడ. 1942లో బ్రిటిష్ నౌకాదళంలో ‘రోథర్‌హామ్’ పేరుతో చేరి, రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి, 1949లో మనకొచ్చింది. పొడవులో విక్రాంత్‌కు దాదాపు సగం. అయితే దూరాన వైర్‌లెస్ వినేవాడికి ఓడ సైజు తెలియదు. సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తోంది, రద్దీ ఎంతుంది అన్నవే తెలుస్తాయి. రాజ్‌పుత్ సముద్రంలోకి వెళ్లి, విమానవాహక నౌకకు తగ్గ రద్దీతో సందేశాలు పంపింది. ఒకటి మాత్రం కోడ్ లేని మామూలు సందేశం: విక్రాంత్ నావికుడొకడు జబ్బుపడిన తల్లి ఎలా ఉందని అడిగినట్టు! ఈ పథకం మొత్తంలో నాకు బాగా నచ్చిన తెలివి ఇదే. వైర్‌లెస్ వినేవాడు యుద్ధ సందేశాన్ని అనుమానిస్తాడేమో గానీ, అమ్మ గురించి అడిగితే అనుమానించడు.

డిసెంబరు 3 అర్ధరాత్రి కావస్తుండగా రాజ్‌పుత్ మళ్లీ విశాఖ హార్బర్ దాటింది. కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్. బయట జలాంతర్గామి పొంచి ఉండొచ్చని ఆయన వేగం పెంచారు. ముందు ఒకచోట నీళ్లు కదిలినట్టు అనిపించగానే రెండు డెప్త్ చార్జ్‌లు వదిలించారు.

డెప్త్ చార్జ్ అంటే పేలుడు మందు నింపిన డ్రమ్ము. అది జలాంతర్గామిని తాకక్కర్లేదు. ప్రతి 10 మీటర్ల లోతుకు నీటి పీడనం సుమారు ఒక వాతావరణ పీడనమంత పెరుగుతుంది. ముందే సెట్ చేసిన పీడనం రాగానే పేలుతుంది. నీరు గాలిలా కుదించుకుపోదు కాబట్టి దెబ్బ బలంగా పాకుతుంది. వదిలిన ఓడ కూడా వేగంగా తప్పుకోవాలి, లేదంటే తన వెనక భాగమే దెబ్బతింటుంది.

కొద్ది నిమిషాలకు పెద్ద పేలుడు. విశాఖలో కిటికీలు అదిరాయి. రాజ్‌పుత్ వెతికినా ఏమీ కనిపించక ముందుకు సాగింది. తర్వాత జాలర్లకు నూనె తెట్టు, శకలాలు దొరికాయి. ఘాజీతోపాటు 90 మందికి పైగా సిబ్బంది సముద్రంలో కలిసిపోయారు. ఆ దెబ్బ రాజ్‌పుత్‌దేనని భారత నౌకాదళం అంటుంది; తమ మైన్లే (సముద్రంలో పెట్టే మందుపాతరలే) పేలాయని పాకిస్తాన్ వాదన. ఏది నిజమైనా, ఘాజీ విశాఖ వాకిట్లో కాపు కాసింది అక్కడ లేని ఓడ కోసమే.