వారధి మీద చిన్న కారు

పోయిన ఆషాఢంలో అమ్మను గుంటూరు నుంచి విజయవాడ తీసుకొస్తున్నాను. మాది పాత ఆల్టో. తాడేపల్లి దాటి కృష్ణా నది మీది కనకదుర్గ వారధి ఎక్కాక ముందున్న లారీని ఓవర్‌టేక్ చేయబోయాను. లారీ పక్కన ఉన్నంతసేపూ బాగానే ఉంది. దాని క్యాబిన్ దాటగానే కారు ఒక్కసారిగా కుడివైపుకు జరిగింది. మహా అయితే అడుగు జరిగి ఉంటుంది. కానీ అమ్మ డ్యాష్‌బోర్డు గట్టిగా పట్టుకుని, "ఏంట్రా, ఎవరో తోసినట్టుంది?" అంది.

నిజంగానే తోసింది. గాలి తోసింది. ఆ తోపు ఎక్కడి నుంచి వచ్చిందో ఇంటికి వెళ్లాక కాగితం మీద బొమ్మ గీసి అమ్మకు చెప్పాను. ఈ వ్యాసం అక్కడే మొదలైంది.

విజయవాడలో కారు ఉన్నవాళ్లు హైవేను తప్పించుకోలేరు. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాద్ నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ నంబరు రహదారి బెంజ్ సర్కిల్ దగ్గర కలుస్తాయి. పాతవాళ్లకు అవి ఇంకా ఐదో నంబరు, తొమ్మిదో నంబరు రోడ్లే. పటమట రైతు బజారులో కూరగాయలు కొనుక్కుని మంగళగిరిలో ఉన్న అక్క ఇంటికి బయల్దేరినా పది నిమిషాల్లో ఒడిశా నుంచి చెన్నై పోయే లారీల మధ్యలో ఉంటాం. వన్‌టౌన్ సందుల్లో ఇరవైలో నడిచిన కారే వారధి మీద ఎనభైలో పోవాలి. ఆ రెండు వేగాల్లో కారు మీద పనిచేసే బలాలు వేరు.

ఊళ్లో నెమ్మదిగా వెళ్తున్నప్పుడు కారును ప్రధానంగా ఆపేవి దాని టైర్లే. బరువుకు రబ్బరు నలిగి మళ్లీ సాగుతూ కొంత శక్తిని మింగేస్తుంది. ఇద్దరు కూర్చున్న మా కారుకు అది సుమారు పది కిలోల బరువంత బలం. వేగం పెరిగినా అది పెద్దగా మారదు. గాలి అలా కాదు. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. లెక్క వేస్తే ఈ సైజు కారుకు 45 కిలోమీటర్ల వేగంలో గాలి ఆరు కిలోల బలంతో ఎదురొస్తుంది. 90లో అదే పాతిక కిలోలు. అంటే ఒక బియ్యం బస్తా బరువంత బలం మన బంపరును వెనక్కి నెడుతూనే ఉంటుంది. 57 దగ్గర టైర్లూ గాలీ సరిసమానం. ఆ పైన పోరాటమంతా గాలితోనే. అందుకే 70లో వెళ్లే దూరాన్నే 90లో వెళ్తే చక్రాల దగ్గర కిలోమీటరుకు 40 శాతం ఎక్కువ శక్తి కావాలి. విజయవాడ, గుంటూరు మధ్య సుమారు 35 కిలోమీటర్లు. రోడ్డంతా ఖాళీగా ఉన్నా అంత పెట్రోలు తగలేసి మిగుల్చుకునేది ఏడు నిమిషాల లోపే.

ఇక లారీ పక్కన ఏం జరిగిందో చూద్దాం. నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది ఇదే.

లారీ ముందు భాగం నిలువు గోడలా ఉంటుంది. అది గాలిని చీల్చుకుని పోదు, నెట్టుకుంటూ పోతుంది. దాంతో లారీ మూతి దగ్గర గాలి వత్తిడి పెరిగి పక్కలకు చిమ్ముతుంది. పడవ ముందు నీళ్లు రెండు వైపులా లేచినట్టే. వెనకాలేమో గాలి చెదిరి సుడులు తిరుగుతూ వత్తిడి తగ్గిపోతుంది. మనం లారీ వెనక్కి చేరినప్పుడు కారు తేలిగ్గా పోతున్నట్టు అనిపించేది అందుకే. పక్కకు వచ్చాక లారీకీ కారుకీ మధ్య ఉన్న ఇరుకు సందులో గాలి వేగంగా దూరిపోతుంది. వేగంగా పోయే గాలిలో వత్తిడి తక్కువ. ఈ సంగతి డేనియల్ బెర్నూలీ 1738లోనే చెప్పాడు. కాబట్టి కారు కొద్దిగా లారీ వైపు, అంటే ఎడమకు లాగుతుంది. మనకు తెలియకుండానే చేతులు స్టీరింగ్‌ను ఒక పిసరు కుడికి తిప్పి పట్టుకుంటాయి.

సరిగ్గా అప్పుడే లారీ క్యాబిన్ దాటతాం. ఎడమకు లాగుతున్న బలం పోతుంది. లారీ మూతి దగ్గర చిమ్మే గాలి కుడికి నెడుతుంది. మన చేతుల్లో స్టీరింగ్ ఇంకా కుడికే ఉంది. వారధి మీద వీటికి ఇంకొకటి తోడవుతుంది. గుంటూరు నుంచి వచ్చేటప్పుడు ప్రకాశం బ్యారేజీ మన ఎడమ చేతి వైపు ఉంటుంది. ఆషాఢంలో పడమటి గాలి ఆ వైపు నుంచి, ఏ చెట్టూ మేడా అడ్డం లేని నది మీదుగా వస్తుంది. అంతసేపూ ఆ గాలికి లారీయే అడ్డు. లారీ దాటగానే ఆ అడ్డు పోతుంది. ఈ నాలుగూ ఒకే క్షణంలో ఒకే వైపుకు పనిచేస్తాయి. అమ్మకు ఎవరో తోసినట్టు అనిపించడంలో వింత లేదు.

పెద్ద కారులో ఇది ఇంతగా తెలియదు. గాలి నెట్టేది కారు పక్క వైశాల్యాన్ని, ఆ నెట్టుడుకు ఎదురు నిలిచేది కారు బరువు. పెద్ద ఎస్‌యూవీ పక్క వైశాల్యం మా కారుకు రెట్టింపు కన్నా తక్కువే, బరువు మాత్రం రెండున్నర రెట్లు. అందుకని అదే గాలికి అది తక్కువ కదులుతుంది. ఇది ఏ కంపెనీ లోపమూ కాదు, తేలికగా ఉండే ప్రతి బండికీ ఉన్న గుణం. రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉంచి, లారీకి ఇంకో అడుగు ఎడంగా వెళ్లి, మూతి దగ్గర తోపు వస్తుందని ముందే ఎదురుచూస్తే చాలు. భయపడి ఎడమకు గట్టిగా తిప్పడమే అసలు ప్రమాదం.

మా మావయ్య ఆటోనగర్ నుంచి ముప్పై ఏళ్లు లారీ నడిపాడు. ఓవర్‌టేక్ గురించి ఆయన చెప్పే మాట ఇది: "అల్లుడూ, నా అద్దంలో నీకు నా మొహం కనపడకపోతే నువ్వు నాకు లేనట్టే." డ్రైవరు కూర్చునేది కుడివైపు. ఎడమ పక్కన క్యాబిన్‌ను ఆనుకుని నడిచే చిన్న కారు, వెనక బాడీకి అతుక్కుని వచ్చే చిన్న కారు ఆయనకు కనిపించవు. ఒకప్పుడు ఎడమ కిటికీ దగ్గర క్లీనర్ కూర్చునేవాడు. తల బయటపెట్టి చూసి, తలుపు మీద దబదబా కొట్టి హెచ్చరించేవాడు. ఇప్పుడు చాలా బళ్లలో క్లీనర్ ఉండటం లేదు, మా కళ్లు సగం పోయినట్టే అంటాడు మావయ్య. ఎడమ వైపు నుంచి లారీని దాటడం అందుకే అంత ప్రమాదం.

దాటడానికి ఎంతసేపు పడుతుందో కూడా మనం తక్కువ అంచనా వేస్తాం. లారీ 60లో, మనం 75లో వెళ్తున్నామనుకోండి. వెనక ఇరవై మీటర్లు, ముందు ఇరవై మీటర్లు ఎడం, లారీ పొడవు, మన పొడవు కలిపితే 55 మీటర్లు. తేడా గంటకు 15 కిలోమీటర్లే కాబట్టి పదమూడు సెకన్లు కావాలి. అంతలో మన కారు 275 మీటర్లు పోతుంది. 85కి పెంచగలిగితే ఎనిమిది సెకన్లే. కానీ ఆ పెంచడమే చిన్న ఇంజనుకు కష్టం. 796 సీసీ ఇంజను ఇచ్చే 48 హార్స్‌పవర్ నిమిషానికి ఆరు వేల చుట్లు తిరిగినప్పటి సంగతి. అయిదో గేరులో నిదానంగా తిరుగుతున్నప్పుడు అందులో కొంతే అందుతుంది. అందుకే ఒక గేరు తగ్గించి లాగాలి. మే నెలలో 45 డిగ్రీల ఎండలో ఈ కష్టం ఇంకా పెరుగుతుంది. వేడి గాలి పలచన. 25 డిగ్రీల గాలితో పోలిస్తే ఇంజను పీల్చే ప్రతి గుక్కలో ఆరు శాతం ఆక్సిజన్ తక్కువ. దానికి తోడు ఏసీ మూడు నాలుగు హార్స్‌పవర్ తీసుకుంటుంది.

గుద్దుకుంటే ఏమవుతుందన్నది మాట్లాడాలని ఎవరికీ ఉండదు. కానీ తెలిసి ఉండాలి. ఒక టన్ను కారు, రెండు టన్నుల కారు 60 వేగంతో ఎదురెదురుగా ఢీకొని కలిసిపోయాయనుకుందాం. ద్రవ్యవేగ సూత్రం (బరువును వేగంతో, దిశతో సహా గుణిస్తే వచ్చే మొత్తం ఢీకొన్నాక కూడా మారదు) ప్రకారం రెండూ కలిసి పెద్ద కారు దిశలో 20 వేగంతో కదులుతాయి. అంటే పెద్ద కారులో వాళ్ల వేగం ఒక్క క్షణంలో 40 మారింది, చిన్న కారులో వాళ్లది 80 మారింది. మనిషి శరీరానికి దెబ్బ తగిలేది ఆ మార్పు వల్లే. ఎదురొచ్చింది లోడుతో కలిపి 28 టన్నుల లారీ అయితే లారీ వేగం నాలుగు కిలోమీటర్లు తగ్గుతుంది, టన్ను కారుది 116 మారుతుంది.

ఇక్కడ స్టార్ల గురించి ఒక మాట. కార్లను గుద్దించి చూసి భద్రతకు స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరులో మొదలైంది. మంచి పని. అందులో కారును 64 వేగంతో, నలిగే గుణమున్న దిమ్మకు ముందు భాగంలో కొంత మేర తగిలేలా గుద్దిస్తారు. అది దాదాపు తనంత బరువున్న కారునే ఢీకొన్నట్టు. కాబట్టి అయిదు స్టార్ల చిన్న కారు తన సైజు కార్లలో దృఢమైనదని అర్థం. అయిదు స్టార్ల పెద్ద కారుతో సమానమని కాదు. ఆగి ఉన్న లారీ వెనక నుంచి దూరిపోతే స్టార్లు ఇంకా తక్కువ ఉపయోగపడతాయి. చిన్న కారు బానెట్ కిందికి ఉంటుంది. లారీ వెనక అడ్డకడ్డీ సరిగా లేకపోతే బానెట్ లోపలికి పోయి, నలిగి మనల్ని కాపాడాల్సిన ముందు భాగానికి అసలు పనే పడదు. దెబ్బ నేరుగా అద్దానికి తగులుతుంది. రాత్రిపూట టెయిల్ లైట్ లేకుండా రోడ్డు పక్కన లారీ ఆపడం నాకు క్షమించరాని తప్పుగా కనిపిస్తుంది.

మరి చిన్న కారుకు రక్షణ ఏది? ముందు వదిలే ఖాళీ. కారు తేలిక కాబట్టి త్వరగా ఆగుతుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. బరువు సగమైతే టైరు పట్టు కూడా సగమే అవుతుంది. ఆగే దూరాన్ని నిర్ణయించేవి వేగం, రోడ్డు, టైరు. 40లో ఉన్నప్పుడు, బ్రేకు మీదికి కాలు వెళ్లడానికి పట్టే సెకనున్నర కలుపుకుని, పాతిక మీటర్లలో ఆగుతాం. 80లో అది డెబ్బై మీటర్లు. వాన పడి రోడ్డు తడిస్తే తొంభై దాటుతుంది.

ఖాళీ వదిలితే ఆటోలు, బైకులు దూరతాయి కదా అంటారు. దూరతాయి. నాకూ మొదట్లో టెన్షన్‌గానే ఉండేది. కాలు కొంచెం తీస్తే ఆ ఖాళీ మళ్లీ వస్తుంది. దాని ఉపయోగం మనతో ఆగదు. జపాన్ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 230 మీటర్ల గుండ్రటి బాటలో 22 కార్లను సమాన వేగంతో నడపమన్నారు. అడ్డం ఏమీ లేదు, సిగ్నల్ లేదు. అయినా కాసేపటికి ట్రాఫిక్ జామ్ పుట్టింది. ఒకరు కొంచెం నెమ్మదిస్తే వెనకాయన ఇంకొంచెం, ఆ వెనకాయన ఇంకా ఎక్కువ బ్రేకు వేయడంతో ఆ అల గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో వెనక్కి పాకింది. రామవరప్పాడు రింగు ముందు ఏ కారణమూ లేకుండా బళ్లన్నీ ఆగి, ఏ కారణమూ లేకుండా కదిలినప్పుడు నాకు ఆ ప్రయోగం గుర్తొస్తుంది. ఖాళీ ఉంచిన కారు బ్రేకు వేయకుండా ఆ అలను తనలో కలిపేసుకుంటుంది.

టైర్ల గురించి కూడా చెప్పాలి. రోడ్డుకు ఆనేది ఒక్కో టైరులో అరచేయంత భాగమే. ఎండాకాలం గాలి తక్కువ కొట్టించమని సలహా ఇచ్చేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అది తప్పు. గాలి తక్కువైతే టైరు ఎక్కువ నలుగుతుంది, నలిగినకొద్దీ వేడెక్కుతుంది, హైవే వేగంలో ఆ వేడికే పగులుతుంది. కంపెనీ చెప్పిన గాలి, బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి.

మొన్న మళ్లీ అమ్మతో వచ్చాను. వారధి ఎక్కుతుండగా కింద ఇసుకలో రెల్లు గడ్డి కుడివైపుకు వంగి ఉంది. ముందు సిమెంటు లారీ. అమ్మ గడ్డి వైపు చూసి, "గాలి ఎడమ నుంచి కొడుతోందిరా. నది దాటేదాకా దాని వెనకే పోదాం" అంది. యాక్సిలరేటర్ మీద కాలు తీశాను.