పార నుంచి పద్దుల దాకా

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల దగ్గర ఒక ఊళ్లో డ్వాక్రా సంఘం సమావేశానికి వెళ్లాను. కాలేజీ ప్రాజెక్టు మీద వచ్చిన బీకాం అమ్మాయి ఒకామె తీర్మానాల పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్ పక్కపక్కన పెట్టుకుని చూస్తోంది. రెండు నెలల వాయిదా బ్యాంకులో కట్టారు గాని పుస్తకంలోకి ఎక్కలేదు. గంటలో తేల్చేసింది. లీడరమ్మ మొహం విప్పారింది. వెంటనే అడిగింది: “నువ్వెళ్లిపోతే ఇది ఎవులు రాస్తారమ్మీ?” ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది.

తన విద్యనే ఊరికి ఇవ్వడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉండేవారు. సవర గిరిజనుల పిల్లలకు చదువు చెప్పాలనుకుని ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యేసరికి 1938 వచ్చింది.

విద్యార్థుల సేవ మాత్రం వేరే దారిన వచ్చింది. గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మందితో జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) మొదలైంది. ఏడాదికి 120 గంటలు, ఊళ్లో 7 రోజుల క్యాంపు. మా రోజుల్లో క్యాంపు అంటే పార, గంప, మొక్కలు. కామర్స్ చదివినా కెమిస్ట్రీ చదివినా అదే గంప. ఊరి బోరు నీళ్లు పరీక్ష చేయండర్రా అని కెమిస్ట్రీ వాళ్లను ఒక్కరూ అడగలేదు. కిడ్నీ జబ్బుతో ఉద్దానం అల్లాడే జిల్లా ఇది!

ఈలోగా ఊళ్ల అవసరాలు మారాయి. 1982లో వచ్చిన డ్వాక్రా, తొంభైలలో ఊరూరా పాకింది. పొదుపుతో పాటు బ్యాంకు అప్పు, వడ్డీ లెక్క, తీర్మానం వచ్చి పడ్డాయి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టినప్పుడు పార పట్టేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. పరిహారం కోసం చెట్ల లెక్క, కాగితాలు సరిగ్గా రాసిపెట్టే చెయ్యి కావాల్సి వచ్చింది.

ఆ చేతులు ఇప్పుడు దూరంగా లేవు. 2007లో విజయనగరంలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ, 2008లో ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం వచ్చాయి. 2020–21 నుంచి రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు: 180 గంటలు, లాగ్‌బుక్, రిపోర్టు, మార్కులు. మార్కులుంటే సేవ ఎలా అవుతుందని కొందరి గొణుగుడు. నాకు దాంతో పేచీ లేదు, మార్కుల కోసమైనా ఊరి గడప తొక్కుతున్నారు కదా. పేచీ గంటలతోనే. 180 పూర్తవగానే రిపోర్టు కాలేజీకి వెళ్తుంది, సంఘానికి ఒక కాపీ కూడా మిగలదు.

ఈ వేసవిలో ఆ ఊరికే ఇంకో బ్యాచ్ వచ్చింది. మళ్లీ ఇంటింటి సర్వేతో మొదలుపెట్టారు.